పొడుగు ఉండే ఫోల్డర్

చక్కెర సీసాని పై అరలోకి మార్చడం ఎంత మంచి పనయిందో, పొద్దున్నే కిటికీలోంచి ఎండ వచ్చి సరిగ్గా దాని మీదే వాలుతుంది, గింజ గింజా మెరుస్తుంది, ఇన్నాళ్లూ కింది అరలో పిండి డబ్బాల వెనక చీకట్లో కూర్చోబెట్టారు పాపం దాన్ని, అనుకుంటూ ఆమె కంప్యూటర్ ముందు కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుంది, ఈ కుర్చీలోంచి చూస్తే వంటింటి గుమ్మం, గుమ్మంలోంచి అర, అర మీద సీసా, అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి, కాపురానికొచ్చి రెండు నెలలైనా కాలేదు అప్పుడే ఇల్లంతా తన చెయ్యి పడింది, హాల్లో కర్టెన్లు మారాయి, చెప్పుల స్టాండు తలుపుకి ఇటు నుంచి అటు వెళ్లింది, మామయ్యగారి పేపరు కిటికీ గట్టు మీంచి బల్ల కింది అరలోకి దిగింది, ఎవ్వరూ ఒక్క మాట అనలేదు, అత్తయ్య బాగుందమ్మాయ్ అంది, మామయ్య కళ్లజోడు పైకి తోసుకుని ఊఁ అన్నారు, ఆ ఊఁలో ఎంత మెచ్చుకోలో, అత్తారింట్లో గ్లాసు జరిపినా గొడవేనని స్నేహితురాళ్లు ఎంత భయపెట్టారు, వాళ్లకేం తెలుసు, ఇక్కడ తను ఏది ఎక్కడ పెడితే అదే దాని చోటు, సరే గానీ అతను వచ్చేలోగా బొమ్మలన్నీ తెరిచి ఉంచమన్నాడు, నమూనా పలకలు తేవడానికి వర్క్‌షాపుకి వెళ్తూ గుమ్మంలో చెప్పు తొడుక్కుంటూ అన్నాడు, డాక్టరమ్మ పలకలు చూస్తుంటే నువ్వు పక్కన స్క్రీన్ మీద బొమ్మలు తిప్పాలి, నువ్వే నా అసిస్టెంటువి అని, అసిస్టెంటుకి జీతమెంతండీ అని అడిగితే వెనక్కి తిరిగి చూసి, తొడిగిన చెప్పు ఎడమదో కుడిదో మరిచిపోయాడు.

పిల్లల డాక్టరమ్మ కొత్తగా ఆస్పత్రి కడుతోంది, గదులన్నిటికీ బోర్డులు కావాలి, అతను ఉద్యోగం మానేసి సొంతంగా బోర్డుల పని మొదలుపెట్టాక వచ్చిన మొదటి పెద్ద పని ఇది, చదవడం రాని పిల్లలు కూడా తమ గది తాము కనుక్కోవాలని ప్రతి తలుపు మీదా అక్షరాలతో పాటు ఒక బొమ్మ, ఎక్స్‌రే గదికి గుడ్లగూబ, పళ్ల గదికి కుందేలు, ఇంజెక్షన్ గదికి మాత్రం ఈ మహానుభావుడు ముళ్లపందిని గీశాడు, బొమ్మ బాగా కుదిరిందని మురిసిపోతూ చూపిస్తే ఆమె నెత్తి కొట్టుకుంది, అయ్యా, ఆ తలుపు చూసిన పిల్ల మళ్లీ జన్మలో ఆస్పత్రికి వస్తుందా అంటే కాసేపు ఆలోచించి, నిజమేనోయ్ అని తాబేలుగా మార్చాడు, డిప్పలో దాక్కున్న తాబేలు, అది తన ఆలోచనే, ఆ తాబేలు మీద తనకు సగం హక్కుంది, డాక్టరమ్మకి తాబేలు నచ్చితే ఈ సంవత్సరమంతా ఇంట్లోనే పని, ఇంట్లోనే మనిషి, నచ్చకపోతే మళ్లీ ఆ పాత ఆఫీసు, పొద్దున పోయి రాత్రి రావడం, అందుకే నిన్న నిద్రలో కూడా తాబేలు తాబేలు అన్నాడు, ఎవరైనా వింటే భార్యని పిలుస్తున్నాడనుకోరూ.

తన ఖాతాలోంచి బయటికొచ్చి అతని ఖాతాలోకి వెళ్లాలి, మీట నొక్కబోయి ఆమె ఆగి మరోసారి నవ్వుకుంది, ఎందుకంటే ఇందాక చేసిన చిలిపి పని గుర్తొచ్చింది, పెళ్లి ఫొటోలు ఎక్కడ దాచిందో వెతుక్కుంటూ యూజర్స్ అనే పెద్ద ఫోల్డర్‌లోకి వెళ్తే అక్కడ చిన్న ఫోల్డర్లు ఇళ్లలా వరసగా ఉన్నాయి, ఒకటి తనది, పెళ్లైన వారానికే అతను తనకోసం తెరిచిన ఖాతా, దానికి ముద్దుపేరు పెట్టాడు, ఆ పేరు ఎవరికీ చెప్పదు, పక్కన అందరిదీ ఒకటి, ఆ పక్కన అతనిది, దానికేదో పొడిపొడిగా ఒక పేరు, ఈ ముద్దుపేరు పక్కన ఆ మొద్దుపేరేంటి అనిపించి ఫోల్డర్ మీద నొక్కి, పేరు నీలంగా మారగానే చదవనైనా చదవకుండా దాని మీదే మా ఆయన అని కొట్టేసింది, ఇంగ్లీషులో ఏ అన్న అక్షరం మూడుసార్లు వరసగా వచ్చింది, చూడటానికే ముద్దుగా ఉంది, నిజంగా మార్చనా అని అది అడిగింది, మార్చు తల్లీ అంది, మారిపోయింది, తన ఇల్లూ మా ఆయన ఇల్లూ పక్కపక్కన, ఎప్పుడో ఏదో ఫైలు తెరుస్తూ స్క్రీన్ పైన ఫైలు దారి రాసే గళ్లో ఆ పేరు చూస్తాడు, చెవులు ఎర్రబడతాయి, అతనికి చెవులే ఎర్రబడతాయి, పెళ్లిచూపుల్లో అందరూ ముఖం చూస్తే తను చెవులు చూసి ఒప్పుకుంది.

నొక్కింది, అతని పేరు, అతని పాస్‌వర్డు, చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది, తర్వాత ఎప్పుడూ చూడని మాటలేవో, హాయ్ అంది, అన్నీ సిద్ధం చేస్తున్నాం అంది, ఎవరికి హాయ్, ఐదేళ్లుగా రోజూ చూస్తున్న మనిషికి కొత్తవాళ్లకి చెప్పినట్టు హాయ్ ఏంటి, అంతలో తెర తెరుచుకుంది, నీలంగా, నున్నగా, ఖాళీగా, గుడ్లగూబ లేదు, కుందేలు లేదు, తాబేలు అనే ఫోల్డర్ లేదు, గోడ మీద కాగితాల్లా అతను తెర మీద అతికించుకునే పసుపు చీటీల్లేవు, వెనకాల ఉండే తన ఫొటో కూడా లేదు, మూలన ఒక చిన్న పెట్టె లేచి, మీ ఖాతాలోకి వెళ్లలేకపోయాం, ఇది తాత్కాలికం, ఇక్కడ చేసుకున్నదేదీ మిగలదు అని చెప్పి పోయింది, ఆమె మడిచిన కాలు కిందికి దించింది, అత్తయ్య వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడుకి ఉలిక్కిపడి స్క్రీన్‌కి అడ్డంగా ముఖం పెట్టింది, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా, ఏమీ కాలేదు, అన్నీ ఉంటాయి, ఎక్కడికి పోతాయి, మళ్లీ తన ఖాతాలోకి వెళ్లి చూస్తే ఉన్నాయి, మా ఆయన ఇంట్లో అన్నీ ఉన్నాయి, గుండె నెమ్మదించింది, తాబేలు తెరిచింది, ఇంజెక్షన్ గది అన్న అక్షరాలు వచ్చాయి, కింద తాబేలు ఉండాల్సిన చోట ఒక ఖాళీ చతురస్రం, మధ్యలో ఇంటూ గుర్తు, గుడ్లగూబ తెరిచింది, ఇంటూ, కుందేలు, ఇంటూ, బొమ్మ ఫలానా చోట ఉంటుందని ఒక్కో బోర్డుకీ దారి చెప్పి పెట్టాడు కాబోలు, ఆ దారి ఇప్పుడు లేదు, దారి మధ్యలో ఉన్న ఇంటి పేరు తను మార్చేసింది, సరే మళ్లీ పాత పేరే పెట్టేస్తే పోలా, పెట్టేద్దాం, పాత పేరు ఏంటి.

పాత పేరు ఏంటి, నిజంగా ఏంటి, చదవలేదు కదా, నీలం పడగానే కొట్టేసింది కదా, ఎంత ఒళ్లు తెలియని సంబరం, అమ్మ ఎప్పుడూ అనేది, కాలు నేల మీద పెట్టి నడవవే, గాల్లో నడిస్తే ముందు గడప కనపడదు అని, అతని పేరు పెట్టి చూసింది, మెషీన్ మళ్లీ మొదలెట్టి అతని ఖాతాలోకి వెళ్లింది, హాయ్, ఇంటి పేరు కలిపి పెట్టింది, హాయ్, ఈ హాయ్ అన్నవాడు కనపడితే చెబుతా వాడి పని, వర్క్‌షాపులో ఉన్న అతన్నే అడుగుదామా, ఫోన్ చేసి ఏమండీ మీ ఫోల్డర్ పేరేంటండీ అంటే ఎందుకూ అంటాడు, చెప్పాలి, చెబితే కోప్పడడు, అదే భయం, కోప్పడకుండా పోనీలే అంటాడు, రెండు నెలలు కూర్చుని గీసిన బొమ్మల గురించి కూడా పోనీలే అనే మనిషి, డాక్టరమ్మ ముందు ఖాళీ చతురస్రాలు పెట్టుకుని కూడా పోనీలే అంటాడు, ఆ పోనీలే వినడం కన్నా, ఇంకెవరున్నారు, తమ్ముడా, వాడికి చెబితే ఊరంతటికీ చెప్పినట్టే, ఇంకెవరు, ఈ కంప్యూటర్‌ని మొట్టమొదట సిద్ధం చేసింది ఎవరు, వదిన, అమ్మో వదినా, అతని అక్క, ఏదో పెద్ద ఆఫీసులో కంప్యూటర్లన్నిటి మంచిచెడ్డలూ చూసే మనిషి, పెళ్లిలో తన చెయ్యి పట్టుకుని, మా వాడు నీ మాట వినకపోతే నాకు ఫోన్ చెయ్యి, నువ్వు వాడి మాట వినకపోతే వాడు నాకు ఫోన్ చేస్తాడు అంది, నవ్వుతూనే అంది, కానీ ఎటు తిరిగినా ఆ ఫోన్ మోగేది వదిన దగ్గరే అని ఆమెకి అప్పుడే అర్థమైంది.

మోగింది, వదిన ఎత్తింది, ఏంటి కొత్త పెళ్లికూతురా మేమూ గుర్తున్నామా అంది, గుర్తున్నారు వదినా, ఒక చిన్న డౌటు అని ఎంత తేలిగ్గా మొదలుపెట్టిందో అంత త్వరగా అంతా చెప్పేసింది, పేరు మార్చాను వదినా, ఊరికే, సరదాగా, ఏం పేరు పెట్టావ్ అంది వదిన, ఏదో వదినా, ఏదో అంటే, ఏం లేదు వదినా, ఏం పేరో చెప్పకపోతే నేను కూడా ఏం లేదనే చెప్తాను, అప్పుడు అత్తయ్యకి వినపడకుండా ఫోన్ దగ్గరికి చేసి గుసగుసగా చెప్పింది, అవతల వదిన నవ్వు మొదలైంది, ఆగలేదు, మా ఆయన అని పెట్టావా తల్లీ, నలుగురూ తెరిచే కంప్యూటర్లో, రేపు పండక్కో పబ్బానికో నేనొచ్చి తెరిస్తే వాడు నాకేమవుతాడే, మీ అత్తగారు తెరిస్తే ఏమవుతాడు, ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది, అది విని వదిన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది, ఏడవకు, ఏం పోలేదు, అన్నీ ఉన్నాయి, దానికి దారి తెలియడం లేదు అంతే, విను, లోపలికి వెళ్లేటప్పుడు కనపడే పేరుంది చూడు, అది తలుపు మీద బోర్డు, అది ఎన్నిసార్లు మార్చుకున్నా దానికి పట్టింపు లేదు, కానీ మెషీన్ బోర్డు చూసి ఇంటికి పోదు, మొదటిరోజు ఒక దారి చెప్పాం, ఆ దారి ఒకచోట రాసి పెట్టుకుంది, కళ్లు మూసుకుని అక్కడికే పోయి చెయ్యి చాపుతుంది, అక్కడ ఇల్లు లేకపోతే పక్కన వెతకదు, ఎవర్నీ అడగదు, తిన్నగా పోయి సత్రంలో దిగుతుంది, నువ్వు చూసిన ఖాళీ నీలం గది ఆ సత్రమే.

చెయ్యి చాపుతుంది అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది, ఎక్కడో తెలియలేదు, వదిన చెబుతూ పోతోంది, నీ ఖాతాలోంచే వెతికే గళ్లో రెగ్‌ఎడిట్ అని కొట్టు, అది ఆ దారులన్నీ రాసుకునే పుస్తకం, కొట్టింది, ఎడమవైపు చెట్టు కొమ్మల్లా తెరుచుకుంటూ పోతుంది, నేను చెప్పిన కొమ్మే పట్టుకో, పక్క కొమ్మ ముట్టుకున్నావో మీ ఆయన కూడా కాపాడలేడు, మా ఆయనా అంది తను, అదే, మీ ఆయనే, మా తమ్ముడు, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఇంకా లోపలికి, ప్రొఫైల్ లిస్ట్, అక్కడ పొడుగాటి అంకెల పేర్లు ఉన్నాయా, మనుషుల్ని అది ఆ అంకెలతోనే గుర్తుపెట్టుకుంటుంది, మనకి ముద్దుపేర్లున్నట్టు, ఒకే అంకె రెండుసార్లుందా, ఉంది వదినా, ఒకదానికి చివర తోక ఉంది, చుక్క పెట్టి బ్యాక్ అని ఏదో, అదే అసలైనవాడు, తోక లేనివాడు ఇప్పుడే సత్రంలో దిగిన దొంగ, ముందు తోక ఉన్నవాణ్ణి నొక్కి కుడివైపు చూడు, ప్రొఫైల్ ఇమేజ్ పాత్ అని ఉంటుంది, దాని ఎదురుగా ఏం రాసుందో చదువు, ఆమె చదివింది, సి, యూజర్స్, ఆ తర్వాత, వదినా, పొడుగు అని ఉంది.

పొడుగు, అవతల వదిన నవ్వలేదు ఈసారి, అబ్బ ఇంకా అదే ఉందా అంది, నేనే పెట్టాను ఆ పేరు, చిన్నప్పుడు వాడు గుజ్జువాడు, క్లాసులో అందరికన్నా పొట్టి, రోజూ వంటింట్లో ఆ చెక్కపీట ఎక్కి నా పక్కన నిలబడి, చూడు అక్కా పొడుగయ్యానా అనేవాడు, పీట మీద నిలబడి, పొడుగయ్యావురా అనేదాన్ని, అదే పేరైపోయింది, తర్వాత నిజంగానే తాటిచెట్టంత పెరిగాడనుకో, కానీ ఆ కంప్యూటర్ కొన్నాక పేరేం పెట్టనురా అంటే ఇంకేం పెడతావక్కా అన్నాడు, ఆమె కళ్లముందు పీట మీద ఒక పొట్టి పిల్లాడు, ఎర్రటి చెవులు, ఆ పీట, వంటింట్లో పీట, ఇప్పుడూ ఉంది అది, అత్తయ్య దాన్ని బర్రుమని జరుపుతుంది రోజూ, ఎందుకు జరుపుతుంది, కాపురానికొచ్చిన కొత్తలో ఆ పీట గోడ పక్కన ఊరికే పడి ఉండేది కదా, ఇప్పుడెందుకు జరుపుతోంది, ఆమె తలెత్తి గుమ్మంలోంచి చూసింది, పై అర, ఎండలో మెరుస్తున్న సీసా, అత్తయ్య తన భుజం దాకా కూడా రాదు.

వేళ్లు వదిన చెప్పినట్టు పని చేసుకుపోతున్నాయి, తోక లేనివాణ్ణి తీసేసింది, ఉన్నవాడికి తోక కోసింది, మా ఆయన అన్నచోట ఒక్కో అక్షరమే చూసుకుంటూ పొడుగు అని కొట్టింది, మనసు మాత్రం వంటింట్లో ఉంది, సీసా మార్చిన ఆ మొదటి రోజుల్లో అత్తయ్య చెయ్యి కింది అరలోకి వెళ్లి డబ్బాల వెనక తడుముకునేది, ఆగేది, ఆ తర్వాత ఏమీ అనకుండా వెళ్లి పీట తెచ్చుకునేది, తను అన్నీ చూసింది, చూసి కూడా చూడలేదు, మామయ్య పొద్దున్నే కిటికీ దాకా నడిచి, ఖాళీ గట్టుని ఒకసారి చేత్తో తుడిచి, అదేదో దుమ్ము చూడటానికే వచ్చినట్టు, బల్ల దగ్గరికి తిరిగొచ్చేవారు, అతను బయటికెళ్తూ చెప్పుల కోసం తలుపుకి ఇటు వంగి అటు నడిచేవాడు, అందరి చేతులూ పాత దారిలోనే వెళ్లేవి, వెళ్లి ఖాళీ తగిలితే ఎవ్వరూ ఇంటూ గుర్తు పెట్టలేదు, ఇక్కడున్నదేదీ అని అడగలేదు, బాగుందమ్మాయ్ అన్నారు, ఊఁ అన్నారు, మెషీన్ కాబట్టి మొహమాటం లేకుండా మొహం మీదే చెప్పింది, తను ఇంత మెచ్చుకోలనుకుని మూటగట్టుకున్నదంతా మెచ్చుకోలు కాదు, ఇంకేదో, దానికి పేరేంటి, వదినా ఉన్నారా, ఉన్నానే, చేసేశాను, అయితే మళ్లీ మొదలుపెట్టి చూడు, నేను ఫోన్ పెట్టను.

చక్రం తిరిగింది, తిరుగుతుంటే ఫోన్‌లో వదిన ఊపిరి వినిపిస్తోంది, తనది ఆగిపోయింది, హాయ్ అనకు బాబూ, ఈసారి హాయ్ అనకు, అనలేదు, పసుపు చీటీలు, గుడ్లగూబ, కుందేలు, వెనకాల తన ఫొటో, నోరు తెరిచి నవ్వుతున్న ఆ పిచ్చి ఫొటోనే ఎందుకు పెట్టుకున్నాడో, తాబేలు తెరిచింది, డిప్పలోంచి ఒక కన్ను బయటపెట్టి చూస్తోంది, వచ్చేసింది వదినా అంటే, ఎవరు మీ ఆయనా అంది వదిన, ఇద్దరూ నవ్వారు, వాడికి చెప్పనులే, కానీ ఆ పేరు మాత్రం నేను చచ్చేదాకా వాడుకుంటాను అని పెట్టేసింది, అంతలోనే గేటు చప్పుడు, అతని గొంతు, వెనకే డాక్టరమ్మ గొంతు, నమూనా పలకలు చంకలో పెట్టుకుని అతను లోపలికొచ్చి కళ్లతోనే సిద్ధమేనా అన్నాడు, సిద్ధమే అని తలూపింది, పలక తర్వాత పలక అతను చూపిస్తుంటే బొమ్మ తర్వాత బొమ్మ తను తిప్పింది, తాబేలు దగ్గర డాక్టరమ్మ ఆగి, ముందుకి వంగి, ఇది దాక్కుందా బయటికొస్తోందా అని అడిగింది, అతను తడబడి తన వైపు చూశాడు, వస్తోందండీ, కొంచెం టైమిస్తే వస్తుంది అంది ఆమె, డాక్టరమ్మ నవ్వి, ఈ తాబేలు ఇంకాస్త పెద్దగా ఉండాలి, నా గది తలుపు మీద కూడా కావాలి అంది, అతని చెవులు ఎర్రబడ్డాయి, సరిగ్గా అప్పుడే టీ తెస్తానని ఆమె లేచింది, లేకపోతే అందరి ముందూ ఆ చెవి పట్టుకునేదేమో.

వంటింట్లో ఎవరూ లేరు, అత్తయ్య పెరట్లో ఉంది, ఆమె చెయ్యి చాచి పై అర మీంచి సీసా దించింది, ఎండ సీసా మీంచి ఆమె మణికట్టు మీదికి జారింది, పోతే పోయిందిలే మెరుపు, పిండి డబ్బాల వెనక కాదు, ముందు పెట్టింది, అత్తయ్య వేళ్లు వెతుక్కోకుండా తగిలేలా, పీట తీసి గోడ పక్కన దాని పాత చోట పెట్టింది, కర్టెన్లు సరే, సాయంత్రం పేపరు గట్టెక్కుతుంది, చెప్పుల స్టాండు ఇటు వస్తుంది, అనుకుంటూ టీ నీళ్లు పెట్టి గిన్నె వైపే చూస్తుంటే వెనక అత్తయ్య వచ్చిన అలికిడి, జరుగమ్మాయ్, డాక్టరమ్మకి చక్కెర ఎంతో కనుక్కున్నావా, నేను వేస్తాను ఉండు, ఆ వెంటనే బర్రుమని చప్పుడు, ఆమె తిరిగి చూసేలోగా అత్తయ్య గోడ పక్కనున్న పీటని పాదంతోనే లాక్కుని, ఎక్కేసి, అర వైపైనా చూడకుండా, కళ్లు టీ గిన్నె మీదే ఉంచి చెయ్యి పైకి చాపింది, తిన్నగా, తడుముకోకుండా, సీసా ఉండాల్సిన చోటికే, అక్కడ ఖాళీ, వేళ్లు ఒకసారి ముడుచుకున్నాయి, ఇదేంటే, ఇక్కడి చక్కెర ఏమైంది అంది, కిందే పెట్టాను అత్తయ్యా, మీకు అందుతుందని, అంది ఆమె, కిందెందుకూ, కింద ఎప్పుడో మరిచిపోయాను నేను, ఇప్పుడు చెయ్యి దానంతటదే ఇక్కడికొస్తుంటే మళ్లీ మారుస్తావేం, ఇలా ఇవ్వు అని అత్తయ్య పీట మీద నిలబడే, పొడుగ్గా, అరచెయ్యి చాపింది, ఆమె సీసా అందిస్తూ ఆ చేతివైపే చూస్తూ ఉండిపోయింది, మెషీన్‌కి రాని పనేదో ఈ ఇంట్లో తనకి తెలియకుండానే జరిగిపోయిందని, ఎవరూ ఏ కొమ్మలూ తెరవకుండా, ఏ తోకలూ కోయకుండా, తన కోసం లోపలి దారే మార్చి రాసుకున్నారని.